తౌబా చేసినవాడికి తోడెవరు?

కొన్నేళ్ళ కిందటి మాట. రంజాన్ మాసం మూడో రాత్రి. తరావీహ్ నమాజు ముగించుకుని ఇల్లు చేరామో లేదో, ఒకప్పుడు మా దగ్గర చదువుకున్న కుర్రవాడు పరుగున వచ్చాడు. "హజ్రత్, అబ్బాకు ఏదో పట్టింది. గోడల మీద పురుగులు పాకుతున్నాయంటున్నారు. ఎప్పుడో చనిపోయిన దాదీని పిలుస్తున్నారు. మీరొచ్చి దమ్ చేయండి" అన్నాడు. వెళ్ళి చూశాం. మనిషికి ఒళ్ళంతా చెమట, చేతులు గజగజ వణుకుతున్నాయి. అప్పటికే వచ్చి కూర్చున్న ఆమిల్ ఒకాయన ఇది జిన్ను పనేనని తేల్చేశాడు. మేమూ తెలిసిన ఆయతులు చదివి ఊదాం. అంతలోనే ఆయనకు ఫిట్స్ వచ్చాయి. అప్పుడు గానీ ఎవరికీ ఆస్పత్రి గుర్తు రాలేదు.

డ్యూటీలో ఉన్న యువ డాక్టరు ఒకే ప్రశ్న అడిగారు: "ఈయన ఆఖరిసారి ఎప్పుడు తాగారు?" అందరూ తలలు దించుకున్నారు. చివరికి భార్యే నోరు విప్పింది. ఇరవై ఏళ్ళుగా తాగుతున్న మనిషి, నెలవంక కనబడిన రాత్రి సీసా పారేసి, ఏడ్చి తౌబా చేసుకుని, సహరీకి లేచి ఉపవాసం మొదలుపెట్టాడట. డాక్టరు ఆశ్చర్యపోలేదు. అకస్మాత్తుగా తాగుడు ఆపితే ఇలా అవుతుందని, ఇది వైద్యం చేయదగ్గ జబ్బేనని చెప్పి సూదిమందు మొదలుపెట్టారు. అల్లాహ్ దయవల్ల ఆయన బతికాడు.

ఆ రాత్రి మేము సిగ్గుపడ్డాం. ఆయన తాగినందుకు కాదు. ఒక మనిషి నిజాయితీగా తౌబా చేసి మన మధ్యకు వస్తే, అతణ్ణి ఎలా కాపాడుకోవాలో బస్తీలో ఒక్కరికీ తెలియనందుకు. చదువు చెప్పే మాకూ తెలియనందుకు. అందుకే తాగుడు మాన్పించే వివిధ పద్ధతుల్ని ఈ శుక్రవారం పాఠకుల ముందుంచి, ఏది ఎక్కడ పనికొస్తుందో చెప్పదలిచాం.

నేరమా? రోగమా?

మద్యం హరామ్ అన్న విషయంలో ముస్లిం ఇంట పుట్టిన పసివాడికి కూడా సందేహం లేదు. కాని "మనలో తాగేవాళ్ళు లేరు" అనుకోవడం ఆత్మవంచన. ఆటో నడిపేవారిలో, మెకానిక్ షెడ్లలో, పెయింటింగ్ పనిలో, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవారిలో, చదువుకున్న ఉద్యోగుల్లో ఈ వ్యసనం ఉంది. తేడా ఒక్కటే. ఇతరుల ఇళ్ళలో తాగుడు బాధ అయితే, మన ఇళ్ళలో అది బాధతో పాటు దాచిపెట్టాల్సిన రహస్యం. కూతురి సంబంధం చెడిపోతుందని తల్లి దాస్తుంది. పుట్టింటికి తెలిస్తే పరువు పోతుందని భార్య దాస్తుంది. ఒంటిమీది వెండి, బంగారం ఒక్కొక్కటే అమ్ముడుపోయి, కాలేయం చెడి కడుపు ఉబ్బాక గాని ఆస్పత్రి గడప తొక్కరు.

దీనిపై మనలో రెండు వాదాలు వినిపిస్తాయి. ఇది పాపం, తౌబా చేస్తే చాలు, డాక్టరుతో పనేమిటని కొందరంటారు. ఇది కేవలం రోగం, మధ్యలో మతమెందుకని మరికొందరంటారు. రెండూ సగం మాటలే. తాగడం మొదలుపెట్టినవాడు తప్పు చేశాడు. కాని ఏళ్ళ తరబడి తాగాక అతని మెదడు, నరాలు మద్యానికి అలవాటు పడిపోతాయి. అప్పుడు అతను తప్పు చేసినవాడే కాదు, రోగి కూడా. పాపానికి తౌబా ఉంది. రోగానికి మందు ఉంది. ప్రతి రోగానికీ అల్లాహ్ మందు సృష్టించాడని, వైద్యం చేయించుకోమని బోధించిన ధర్మం మనది.

దివ్య ఖుర్ఆన్ మద్యాన్ని ఒక్క రోజులో నిషేధించలేదన్నది అందరికీ తెలిసిందే. మద్యంలో లాభం కన్నా పాపం పెద్దదని అల్ బఖరా సూరా తెలిపింది. మత్తులో ఉండగా నమాజు దరికి రావద్దని అన్ నిసా సూరా ఆదేశించింది. పూర్తిగా మానేయాలన్న ఆజ్ఞ అల్ మాయిదా సూరాలో వచ్చింది. ఈ క్రమాన్ని చూసి నేడు ఎవరూ తాగుడుకు అనుమతి వెతుక్కోరాదు. నిషేధం పూర్తయింది, అది శాశ్వతం. అయితే మనుషుల్ని అలవాటు నుంచి బయటకు తీసుకురావడంలో వారి స్థితిని గమనించి నడిపించడం దైవిక వివేకమని మాత్రం ఇందులో గ్రహించాలి.

తాగి పట్టుబడినవారి పట్ల దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ప్రవర్తన ఎలా ఉండేది? సహీహ్ బుఖారీలో నమోదైన సంఘటన ఒకటుంది. ఒక వ్యక్తి ఇదే తప్పుకు మళ్ళీ మళ్ళీ పట్టుబడ్డాడు. శిక్ష పడింది. అక్కడున్న ఒకాయన విసిగిపోయి అతణ్ణి శపించాడు. దైవప్రవక్త (స) వెంటనే వారించారు. ఆ మనిషి అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమించేవాడేనని అన్నారు. తప్పును తప్పన్నారు, మనిషిని మాత్రం సమాజం నుంచి వెలివేయలేదు. హజ్రత్ ఉమర్ (రజి) కూడా సిరియాలో తాగుడులో పడిన ఒక మిత్రునికి తిట్లు పంపలేదు, దేవుని క్షమను గుర్తు చేస్తూ ఉత్తరం పంపారని, అది చదివి అతను ఏడ్చి మారాడని తఫ్సీర్ ఇబ్నె కసీర్‌లో ఉంది. తప్పుదారి పట్టిన సోదరునికి వ్యతిరేకంగా సైతానుకు సాయపడవద్దన్నది ఈ రెండు సంఘటనల సారం. ఇక పద్ధతుల్ని చూద్దాం.

మొదటి వారం డాక్టరుది

అన్నిటికన్నా ఎక్కువగా మనవాళ్ళు ఎంచుకునేది సొంత పట్టుదలతో ఇంట్లోనే మానేయడం. అప్పుడప్పుడు తాగేవాడికి ఇది సాధ్యమే. కాని రోజూ తాగేవాడికి, పొద్దున లేవగానే చేతులు వణికి ఒక గుక్క పడితే గాని నిలబడలేనివాడికి ఇది ప్రాణాపాయం. మద్యం ఏళ్ళ తరబడి మెదడును అణచి ఉంచుతుంది. ఆ అణచివేతను తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ వేగానికి పగ్గం ఉండదు. కొన్ని గంటల్లో వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరిలో మతి భ్రమించి లేనివి కనబడతాయి, వినబడతాయి. మన కుర్రవాడి తండ్రికి జరిగింది ఇదే. వైద్యం అందకపోతే ఈ స్థితిలో మనుషులు చనిపోతారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలన్నీ హఠాత్తుగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యాలయానికి ఇలాంటి రోగులే బారులు తీరారు. వారిలో కల్తీ కల్లుకు అలవాటు పడినవారూ ఉన్నారు. మత్తుమందులు కలిపిన కల్లు ఆపినా ఇదే ప్రమాదం. వారందరినీ ఒకేసారి జిన్నులు పట్టాయా? ఆలోచించండి.

ఆస్పత్రిలో చేసేది పెద్ద మాయ కాదు. నరాల ఉద్రేకాన్ని తగ్గించే మందును కొన్ని రోజులపాటు ఇచ్చి, మోతాదు తగ్గించుకుంటూ ఆపేస్తారు. తాగేవారి ఒంట్లో కొరతగా ఉండే థయామిన్ అనే బి1 విటమిన్ ఎక్కిస్తారు. అది అందకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. కాబట్టి రంజాన్‌లో మానాలనుకునేవారు షాబాన్ నెలలోనే డాక్టరును కలవాలి. ఉపవాసాలకు బలం చిక్కుతుంది. ఒకవేళ ఆ సమయానికి వైద్యం పూర్తి కాకపోతే, రోగికి ఉపవాసాన్ని వాయిదా వేసుకునే సడలింపును ఖుర్ఆనే ఇచ్చింది.

అయితే ఒక్క మాట. ఈ వారం రోజుల వైద్యం ఒంట్లోంచి మద్యాన్ని తీసేస్తుందే గాని మనసులోంచి తీయదు. "వారం ఆస్పత్రిలో పెట్టాం, డబ్బు పోసాం, వచ్చిన నెలకే మళ్ళీ మొదలుపెట్టాడు" అని వాపోయే తల్లిదండ్రులు ఈ సంగతి గ్రహించాలి. అది వైద్యానికి మొదటి మెట్టు మాత్రమే.

మాత్రలు తెలిసి వేసుకోవాలి

తాగుడు మాన్పించే మాత్రల్లో మన ప్రాంతంలో ఎక్కువమందికి తెలిసింది డైసల్ఫిరామ్. దీని గుణం 1940ల చివర డెన్మార్క్‌లో వెలుగులోకి వచ్చింది. మద్యం ఒంట్లో విరిగే క్రమాన్ని ఇది మధ్యలో ఆపేస్తుంది. మాత్ర వేసుకున్నవాడు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. ఆ భయమే అతణ్ణి ఆపుతుంది. మానాలన్న కోరిక ఉండి, భార్యో తల్లో రోజూ దగ్గరుండి వేయించే ఇంట్లో ఇది బాగా పనిచేస్తుంది.

కాని ఇక్కడే పెద్ద తప్పు జరుగుతోంది. "అతనికి తెలియకుండా కూరలో కలపండి, చాయ్‌లో కలపండి" అంటూ పొడులు అమ్మేవారున్నారు. మన ఆడపడుచులు నిస్సహాయులై ఆ పని చేస్తున్నారు. మందు కడుపులో ఉందని తెలియని మనిషి ఎప్పటిలాగే తాగుతాడు. గుండె జబ్బు ఉన్నవాడైతే ప్రాణమే పోవచ్చు. అమ్మా, మీ బాధ మాకు తెలుసు. కాని తెలియకుండా పెట్టే మందు వైద్యం కాదు. ఈ మాత్రను డాక్టరు రక్తపరీక్షలు చేసి, రోగికి చెప్పి, అతని అంగీకారంతోనే ఇవ్వాలి.

మరో రెండు మందులున్నాయి. నాల్‌ట్రెక్సోన్ తాగాలన్న తహతహను, తాగితే వచ్చే మజాను తగ్గిస్తుంది. అకాంప్రోసేట్ మానేసినవాడు మానేసిన స్థితిలో నిలబడటానికి తోడ్పడుతుంది. ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. కాలేయం బాగా చెడినవారికి, నల్లమందు జాతి నొప్పి మాత్రలు వాడేవారికి నాల్‌ట్రెక్సోన్ సరిపడదు. మూత్రపిండాల జబ్బు ఉంటే అకాంప్రోసేట్ విషయంలో జాగ్రత్త కావాలి. నాల్‌ట్రెక్సోన్ రోజుకొకసారే గనుక ఉపవాసానికి అడ్డు రాదు. అకాంప్రోసేట్ మామూలుగా రోజుకు మూడుసార్లు వేసుకోవాలి కాబట్టి రంజాన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఈ మందులేవీ మత్తు పదార్థాలు కావు. "ఒక మత్తు మాన్పించి మరో మత్తు అలవాటు చేస్తారు" అన్న భయం వీటి విషయంలో అక్కర్లేదు.

తోటి బాధితుల సహవాసం

1935లో అమెరికాలోని అక్రన్ పట్టణంలో ఒక వ్యాపారి, ఒక డాక్టరు కలుసుకున్నారు. బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్. ఇద్దరూ తాగుబోతులే. ఒక తాగుబోతు బాధను మరో తాగుబోతు వింటే ఇద్దరూ తాగకుండా ఉండగలుగుతున్నారని వారు కనుగొన్నారు. అలా పుట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్. హైదరాబాద్‌తో సహా మన నగరాల్లో దీని సమావేశాలు జరుగుతుంటాయి. ఫీజు లేదు. ఇంటిపేరు అడగరు. ఎవరి సంగతీ బయటకు పొక్కనివ్వరు. పరువు భయంతో ఆగిపోయే మనవాళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు. తాగేవారి కుటుంబాల కోసం 1951లో అల్-అనాన్ అనే మరో సంస్థ కూడా ఏర్పడింది.

ఈ పద్ధతిలో పన్నెండు మెట్లున్నాయి. తన శక్తి చాలదని ఒప్పుకోవడం, దేవుని సాయం కోరడం, తన తప్పుల్ని తాను లెక్క చూసుకోవడం, ఎవరికి అన్యాయం చేశాడో వారికి దిద్దుబాటు చేయడం, తనలాంటి మరొకరికి చేయి అందించడం వీటిలో ముఖ్యమైనవి. తౌబా షరతులు తెలిసినవారికి ఇవి కొత్తగా తోచవు. చేసినదానికి పశ్చాత్తాపపడటం, వెంటనే మానేయడం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం, మనుషుల హక్కులకు భంగం కలిగి ఉంటే వాటిని తీర్చడం తౌబా షరతులే కదా!

మనవారికి కొన్ని సంకోచాలున్నాయి. దేవుణ్ణి ఎవరికి తోచినట్టు వారు భావించుకోవచ్చన్న ఆ సంస్థ ధోరణి కొందరికి నచ్చదు. సమావేశాలు చాలాచోట్ల చర్చి గదుల్లో జరుగుతాయి. పాపాన్ని దాచుకోమన్నారు గదా, పదిమందిలో చెప్పుకోవడమేమిటని ఇంకొందరి ప్రశ్న. మా అవగాహన ఇది: గర్వంగా పాపాన్ని చాటుకోవడం వేరు, నయం కావడానికి సాటి రోగికి చెప్పుకోవడం వేరు. మన తౌహీద్‌ను మన మనసులో పదిలంగా ఉంచుకుని ఆ గదిలో కూర్చోవచ్చు. అమెరికాలోని బాల్టిమోర్‌లో కొందరు ముస్లిములు 1989లో మిల్లతీ ఇస్లామీ అనే బృందాన్ని ఏర్పరచి, ఆ పన్నెండు మెట్లను ఇస్లామీ విశ్వాసానికి అనుగుణంగా మలచుకున్నారు. మన దగ్గర అలాంటి పని జరగకూడదా? ఇంకా సందేహమున్నవారు తమ ఉలమాను అడిగి తెలుసుకోవచ్చు.

ఈ సహవాసం ఫలితమిస్తుందా అన్నది ఊహ కాదు, పరీక్షించిన విషయం. 10 వేలకు పైగా మనుషులపై జరిగిన 27 అధ్యయనాలను 2020లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. పూర్తిగా, ఎడతెగకుండా మానేసి ఉండటంలో ఈ పన్నెండు మెట్ల పద్ధతి ఇతర చికిత్సలకన్నా మెరుగని, మిగతా విషయాల్లో వాటికి తీసిపోదని తేలింది.

మాటలతో వైద్యం

శిక్షణ పొందినవారు రోగితో మాట్లాడి, ఎప్పుడు, ఎవరితో, ఏ బాధలో తాగాలనిపిస్తుందో అతని చేతే గుర్తింపజేసి, ఆ క్షణాన్ని దాటే ఉపాయాలు నేర్పడం కౌన్సెలింగ్. అమెరికాలో 1,726 మందిపై మూడు రకాల మాటల వైద్యాన్ని పోల్చి చూసి 1997లో ఫలితాలు ప్రకటించారు. మూడు గుంపుల్లోనూ తాగుడు బాగా తగ్గింది. మూడింటి మధ్య తేడా స్వల్పమే. పద్ధతి పేరు కన్నా, ఏదో ఒక పద్ధతిని పట్టుకుని నిలబడటం ముఖ్యమని మనం నేర్చుకోవలసిన పాఠం.

మన దేశంలోనే గోవాలో జరిగిన ప్రయత్నం మరీ గమనార్హం. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో హానికరంగా తాగుతున్న మగవారితో కొద్దిసార్లు మాట్లాడించారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడు నెలల తర్వాత కౌన్సెలింగ్ పొందినవారిలో 36 శాతం మంది ప్రమాద స్థాయి నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో అది 26 శాతం. వీరు ఇంకా పూర్తి బానిసలు కానివారు అన్నది మరువరాదు. అంటే తొలిదశలో పలకరించే మనిషి దొరికితే చాలామంది ఆ గోతిలో పడకుండానే ఆగిపోతారు.

చెన్నైలో శాంతి రంగనాథన్ తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, 1980లో ఒక చికిత్సా సంస్థను స్థాపించారు. రోగితో పాటు అతని కుటుంబానికీ అక్కడ వైద్యం ఉంటుంది. పల్లెల్లో శిబిరాలు పెట్టి ఊరి పెద్దల్ని కలుపుకుని వైద్యం చేసే పద్ధతినీ వారు నడిపారు. తన దుఃఖాన్ని వేలాదిమందికి మందుగా మార్చిన ఆ మహిళ ప్రయత్నం అభినందనీయం.

గొలుసులు, దెబ్బలు

చివరగా, చెప్పక తప్పని మాట. కొందరు తాగేవాణ్ణి ఆస్తానాల చుట్టూ, ఆమిల్‌ల చుట్టూ తిప్పుతారు. దుఆ చేయడం, మంచివారి సహవాసంలో కూర్చోబెట్టడం మేలే. కాని తావీజు కట్టి మందు మాన్పించడం, చీకటి గదిలో కట్టేయడం, కొట్టడం వైద్యమూ కాదు, ధర్మమూ కాదు. కొన్ని ప్రైవేటు కేంద్రాల్లోనూ దెబ్బలే మందుగా వాడుతున్నారని బాధితుల నోట విన్నాం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యల్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. చేర్పించే ముందు ఆ కేంద్రానికి గుర్తింపు ఉందా, డాక్టరు ఉన్నారా, మీరు రోగిని చూడటానికి రానిస్తారా అని అడగండి. రానివ్వకపోతే చేర్పించకండి.

దుకాణాలు మూయిస్తే సరిపోదా అంటారా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని ఎదిరించి దేశానికే దారి చూపారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. దుకాణం మూయడం కొత్తవారిని కాపాడుతుంది, అది అవసరమే. కాని అప్పటికే బానిసైనవాడికి చికిత్స ఏర్పాటు కూడా ఉండాలి. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఎంతటి శోచనీయమైన స్థితి!

మన బాధ్యత

ఇన్ని పద్ధతులు చూశాక మేము చెప్పేది ఒక్కటే. ఇవి ఒకదానికొకటి పోటీ కావు. ఒకే ప్రయాణంలో వేర్వేరు మజిలీలు. మొదటి వారం డాక్టరుది. తర్వాతి నెలలు మందుది, కౌన్సెలింగుది. తర్వాతి ఏళ్ళు సహవాసానిది. ఆది నుంచి తుది దాకా తౌబా, నమాజు, ఇంటివారి ఓర్పు వెంట ఉండాలి. వీటిలో ఏ ఒక్కటో సరిపోతుందని మిగతావాటిని వదిలేసినప్పుడే ఎక్కువమంది పడిపోతున్నారు.

ఇంటివారు మూడు పనులు చేయవచ్చు. తాగిన వేళ వాదన పెట్టుకోకుండా, తెల్లవారి మెలకువగా ఉన్నప్పుడు మాట్లాడండి. అతని అప్పులు తీర్చి, ఆఫీసుకు అబద్ధాలు చెప్పి అతని తప్పును కప్పకండి. మానేశాక పాత సంగతులు ఎత్తి దెప్పిపొడవకండి. ఒకసారి జారితే "తౌబా తెగిపోయింది, ఇక లాభం లేదు" అనకండి. తౌబా తలుపు ప్రాణం కంఠంలోకి వచ్చేదాకా తెరిచే ఉంటుంది. రెండోసారి పడినవాణ్ణి రెండోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. తాగి కొట్టే ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్ళు మాత్రం ముందు తమ ప్రాణాన్ని, పిల్లల్ని కాపాడుకోవాలి. ఓర్పు అంటే దెబ్బలు తినడం కాదు.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం. షాబాన్ నెలలో ఒక జుమా ప్రసంగాన్ని ఈ విషయానికి కేటాయించండి. జాతీయ మత్తు విముక్తి ఉచిత సహాయవాణి 14446, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబర్లను నోటీసు బోర్డుపై రాయించండి. వజూఖానా దగ్గర ఒళ్ళు వణుకుతూ వెనుక వరుసలో నిలబడిన కొత్త మనిషిని వాసన పట్టి వెనక్కి పంపకండి. అతను ఎంత దూరం నుంచి నడిచి వచ్చాడో మనకు తెలియదు.

మొదట చెప్పిన ఆ పెద్దమనిషి సంగతి చెప్పి ముగిస్తాం. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన రెండుసార్లు జారాడు. రెండుసార్లూ కొడుకే చేయి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మూడోసారికి నిలబడ్డాడు. ఇప్పుడు బస్తీలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి కబురు వస్తే మా కన్నా ముందు ఆయన్నే పిలుస్తారు. ఆయన వెళ్ళి మొదట అడిగే ప్రశ్న ఆ రాత్రి డాక్టరు అడిగినదే: ఆఖరిసారి ఎప్పుడు తాగాడు?

తౌబా చేసినవారిని అల్లాహ్ స్వీకరించుగాక! వారికి తోడుగా నిలిచే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.